అమెరికాలో తొమ్మిది నెలలు తెలుగు చెప్పి, చదువుకుని వచ్చాక: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను. మా ఊరు మర్రిగూడ దగ్గర. అమెరికా ప్రభుత్వ స్కాలర్‌షిప్ అయిన ఫుల్‌బ్రైట్ వాళ్ళ ఫారిన్ లాంగ్వేజ్ టీచింగ్ అసిస్టెంట్ ప్రోగ్రాంలో (అందరూ ఎఫ్ఎల్‌టీఏ అంటారు) అమెరికాలోని ఒక యూనివర్సిటీకి వెళ్ళి తొమ్మిది నెలలు తెలుగు చెప్పాను, అక్కడే కొన్ని కోర్సులు చదువుకున్నాను. తిరిగొచ్చినప్పటి నుంచి మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ పిల్లలు, తోటి లెక్చరర్లు, కొందరి అమ్మానాన్నలు ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు. అందరికీ విడివిడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే ఒక్కచోట రాస్తున్నాను.

ఇది చదువా, ఉద్యోగమా?

రెండూ. వారానికి 20 గంటలకు మించకుండా తెలుగు క్లాసుల పని ఉంటుంది. దాంతోపాటు సెమిస్టర్‌కు కనీసం రెండు కోర్సులు మీరు విద్యార్థిగా చదవాలి. అందులో ఒకటి అమెరికా చరిత్ర, సమాజం లాంటి విషయం మీద ఉండాలి. పొద్దున పది గంటలకు బోర్డు దగ్గర మేడం, మధ్యాహ్నం రెండింటికి వెనక బెంచీలో స్టూడెంటు. నన్ను మార్చింది ఈ రెండో సగమే అని నా నమ్మకం. పొద్దున నేను పిల్లల్ని ఎక్కడ ఇబ్బంది పెట్టానో, మధ్యాహ్నం నేను ఇబ్బంది పడినప్పుడు అర్థమయ్యేది.

ఫుల్‌బ్రైట్ 1946లో మొదలైంది. మన దేశంలో దీన్ని చూసేది యూఎస్ఐఈఎఫ్ అనే సంస్థ, 1950 నుంచి ఉంది.

ఎవరు అప్లై చేయొచ్చు?

ఇండియాలో ఉంటున్న భారతీయులై ఉండాలి. వయసు 21 నుంచి 29 మధ్య ఉండాలి. ఇంగ్లిష్ చెప్తున్నవాళ్ళు, లేదా ఇంగ్లిష్ టీచర్ కావడానికి శిక్షణ తీసుకుంటున్నవాళ్ళు ముఖ్యం. ఏ భాషలకు మనుషులు కావాలన్నది ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి తెలుగు ఉందో లేదో ఆ ఏడాది ప్రకటనలో చూసుకోవాలి. అప్లికేషన్ దాదాపు ఏడాది ముందు పెట్టాలి. చివరి తేదీ కోసం నా మాట కాదు, యూఎస్ఐఈఎఫ్ వెబ్‌సైట్ చూడండి.

30 దాటిన హైస్కూల్ టీచర్లు బాధపడనక్కర్లేదు. వాళ్ళకు ఫుల్‌బ్రైట్‌లోనే ఆరు వారాల టీచర్ ప్రోగ్రాం వేరే ఉంది.

ఎంత ఖర్చవుతుంది? కన్సల్టెన్సీకి ఎంత కట్టారు?

కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టలేదు. మీరూ కట్టొద్దు. అప్లికేషన్‌కు ఫీజు లేదు. ఎంపికైతే విమానం టికెట్టు, నెలనెలా స్టైపెండ్, ఆరోగ్య బీమా, కోర్సుల ఫీజు అన్నీ ప్రోగ్రాం వాళ్ళే చూస్తారు. "సీటు ఖాయం చేయిస్తాం" అని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. నా చేతి ఖర్చంతా స్వెటర్లు, ఒక మంచి బూట్ల జత, హైదరాబాద్‌కు నాలుగైదు సార్లు బస్సు చార్జీ.

పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంటర్వ్యూలో నా ఇంగ్లిష్ చూసి తీసేస్తారా?

నాదీ తెలుగు మీడియమే. ఇంగ్లిష్ పరీక్ష ఉంటుంది, అందులో ఒక స్థాయి రావాలి. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కానీ ఇంటర్వ్యూలో వాళ్ళు యాస కోసం వెతకరు. "మీ క్లాసులో అరవై మంది ఉంటే వెనక కూర్చున్న పిల్లాడితో ఎలా మాట్లాడిస్తారు?" లాంటి ప్రశ్న వేస్తారు. మునుగోడు నుంచి, దేవరకొండ నుంచి బస్సు దిగి ఆలస్యంగా వచ్చి వెనక కూర్చునే పిల్లలకు నేను రోజూ చెప్తాను. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది, భయపడకుండా చెప్పాను.

రాతలోనూ అంతే. "నాకు చిన్నప్పటి నుంచి టీచింగ్ అంటే ప్యాషన్" అని మొదలుపెట్టిన వ్యాసాలు నాకు చూపించడానికి చాలామంది పంపుతున్నారు. పేరు తీసేస్తే ఎవరిదో చెప్పలేం. మీ కాలేజీ, మీ క్లాసు, ఒక్క రోజు జరిగిన ఒక్క సంగతి రాయండి. కృష్ణా తీరం వెంట చేపలు పట్టే ఇంటి పిల్లాడు ఇంగ్లిష్‌లో మొదటిసారి ఏ వాక్యం రాశాడో మీకు గుర్తుంటే, అదే రాయండి.

తెలుగు మన మాతృభాషే కదా. చెప్పడంలో కష్టమేముంది?

వెళ్ళేముందు నేనూ అదే అనుకున్నాను. రెండో వారంలోనే తెలిసొచ్చింది.

ఒక అమ్మాయి క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చి, నేర్చుకున్న తెలుగంతా కూడగట్టుకుని, "మేడం, మేము కాఫీకి వెళ్దామా?" అంది. "మేము కాదు, మనం" అన్నాను. "ఎందుకు?" అంది. నేను నోరు తెరిచాను, జవాబు రాలేదు. పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా తప్పు పలకని మాట. అయినా ఎందుకలా అంటామో నాకు తెలియదు. "రేపు చెప్తాను" అన్నాను. ఆ రాత్రి కూర్చుని నేను రోజంతా మాట్లాడే వాక్యాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. "మేము" అన్నప్పుడు వినేవాళ్ళు అందులో ఉండరు. "మనం" అంటే ఎదుటివాళ్ళను కలుపుకున్నట్టు. ఇంగ్లిష్‌లో రెండింటికీ ఒకటే మాట. తెల్లారి క్లాసులో చెప్తే ఆ అమ్మాయి నోట్సులో రాసుకుని కాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడు కాఫీకి పిలిచినా "మనం" అనే మాటను కాస్త నొక్కి పలికేది.

మన దగ్గర టీచర్ "నాకు తెలియదు, రేపు చెప్తాను" అంటే పరువు పోయినట్టు అనుకుంటాం. నేనూ ఆరేళ్ళు అలాగే అనుకున్నాను. అక్కడ వారానికి రెండుసార్లయినా ఆ మాట అనాల్సి వచ్చింది. "నాకు ఆకలి అవుతుంది" అన్నప్పుడు "నేను" ఎందుకు రాదు? "చాయ్ గీయ్" లో ఆ "గీయ్" ఏంటి? ప్రతిదానికీ రాత్రి కూర్చుని జవాబు వెతుక్కున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చాక నేను తెలుగు నేర్చుకున్నది అప్పుడే.

ఏ తెలుగు చెప్పారు? పుస్తకంలోదా, మనదా?

ఈ ప్రశ్న మన జిల్లా వాళ్ళే ఎక్కువగా అడుగుతారు. ఎందుకడుగుతారో నాకు తెలుసు.

పుస్తకంలో "వచ్చారు, వెళ్ళాను" ఉంటుంది. ఇంట్లో మనం "వచ్చిండ్రు, పోయిన" అంటాం. మొదటి నెల నేను పుస్తకాన్నే పట్టుకున్నాను. క్లాసులో అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలు కొందరు ఉన్నారు. వాళ్ళలో ఒకబ్బాయి వాళ్ళ నాయనమ్మది పాలమూరు వైపు. అతను ఒకరోజు, "మా నాయనమ్మ మాట్లాడేది తప్పు తెలుగు, మీరు చెప్పేది కరెక్టు కదా మేడం?" అన్నాడు. ఆ మాట నాకు గుండెలో గుచ్చుకుంది. ఎందుకంటే హైదరాబాద్‌లో పీజీ చదివేటప్పుడు మా అమ్మ మాటల గురించి నేనూ అలాగే అనుకున్నాను. ఫోన్లో అమ్మతో మాట్లాడేటప్పుడు హాస్టల్ బయటకు వెళ్ళి మాట్లాడేదాన్ని.

మర్నాడు బోర్డు మీద రెండు వరుసలు గీశాను. ఒకవైపు కుళాయి, మొక్కజొన్నలు, వెల్లుల్లి, బంగాళాదుంప. ఇంకోవైపు నల్లా, మక్కలు, ఎల్లిపాయ, ఆలుగడ్డ. రెండూ తెలుగే, ఏది ఎక్కడ మాట్లాడతారో చెప్పాను. పరీక్షలో ఏది రాసినా మార్కులు వేస్తానన్నాను. ఆ అబ్బాయి వారం తర్వాత వాళ్ళ నాయనమ్మతో మాట్లాడిన అరగంట రికార్డింగు తెచ్చాడు. క్లాసంతా విన్నాం. "ఏం జేస్తున్నవ్ బిడ్డా, తిన్నవా" అని ఆమె మొదలుపెట్టగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ సెమిస్టర్‌లో అన్నిటికన్నా మంచి పాఠం ఆమె చెప్పిందే.

సిగ్గు, భయం పోతాయా?

దీనికి నా సొంత సంగతి ఒకటి చెప్పాలి.

మర్రిగూడ, మునుగోడు వైపు పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మా దగ్గర అంతకు ఎన్నో రెట్లు ఉండేది. చిన్నప్పుడు, పళ్ళు తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే పంటి మీద మరకలు పడిపోతాయి, తోమితే పోవు. మా నాయినకు నడుం వంగిపోయింది. నాకు పళ్ళ మీద గోధుమరంగు గీతలు. ఏడో తరగతి నుంచి నాకు మాట్లాడేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు. ఎంత అలవాటంటే, పెడుతున్నానని కూడా నాకు తెలిసేది కాదు.

అక్టోబర్‌లో అంగడి పాఠం చెప్తున్నాను. పండు, పళ్ళు. "పళ్ళు" అనమంటే అందరూ "పల్లు" అంటున్నారు. నేను మళ్ళీ మళ్ళీ పలుకుతున్నాను, వాళ్ళకు రావడం లేదు. అప్పుడు ముందు వరుసలో ఒకాయన, రిటైరయ్యాక తెలుగు నేర్చుకోవడానికి వచ్చిన పెద్దమనిషి, ఎంతో మర్యాదగా, "మీ నోరు నాకు కనిపించడం లేదు. నాలుక ఎక్కడ తగులుతుందో చూడాలి" అన్నాడు.

చెయ్యి తీయాలి. తీశాను. నోరు తెరిచి, నాలుక కొనను వెనక్కి మడిచి, పైన అంగిటికి తగిలించి, మెల్లగా "ళ్ళ" అని చూపించాను. పద్నాలుగు మంది నా నోట్లోకి చూస్తున్నారు. చెవులు వేడెక్కిపోయాయి. ఎవరూ నవ్వలేదు. వాళ్ళు పళ్ళను చూడటం లేదు, నాలుకను చూస్తున్నారు. మూడోసారికి ఆ పెద్దాయన "పళ్ళు" అని చక్కగా పలికాడు. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని చెప్పి, నా పంటి మీద వేలు పెట్టి చూపించాను. ఈ మరకలేంటని ఒకమ్మాయి అడిగింది. నీళ్ళ సంగతి చెప్పాను. మిగిలిన గంట అదే పాఠమైంది.

సిగ్గు మొత్తం పోయిందని చెప్పను. కానీ ఇప్పుడు నల్గొండలో క్లాసులో నా చెయ్యి నోటి మీదికి పోదు.

మీరు అక్కడ చదివిందేంటి? పనికొచ్చిందా?

రెండు కోర్సుల గురించి చెప్తాను.

ఒకటి బోధన పద్ధతుల మీద. అందులో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలి పని చదివాం. టీచర్ ప్రశ్న వేశాక జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకను మాత్రమేనని ఆమె 1970లలోనే గమనించింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవు పెరుగుతాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు. నేను నా క్లాసు ఒకటి ఫోన్లో రికార్డు చేసుకుని విన్నాను. నేను ఒక్క సెకను కూడా ఆగడం లేదు. ప్రశ్నా నాదే, జవాబూ నాదే. ఆ రికార్డింగు వినడం ఎంత బాధగా ఉందో చెప్పలేను. ఆరేళ్ళుగా నల్గొండలో "ఈ పిల్లలు మాట్లాడరండీ" అని స్టాఫ్ రూంలో ఎన్నిసార్లు అన్నానో గుర్తొచ్చింది.

రెండోది నీళ్ళు, ప్రజారోగ్యం మీద. మొదటి రోజు అందరూ పేరు, ఊరు చెప్పుకుంటున్నాం. నేను "నల్గొండ" అనగానే ఇథియోపియా నుంచి వచ్చిన ఒక విద్యార్థి నావైపు తిరిగి, "నల్గొండ టెక్నిక్ నల్గొండేనా?" అన్నాడు. వాళ్ళ రిఫ్ట్ లోయలో కూడా నీళ్ళలో ఫ్లోరైడ్. నీళ్ళలో పటిక, సున్నం కలిపి, బాగా కలియబెట్టి, తేర్చి, వడకట్టి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసింది. దానికి మన ఊరి పేరు పెట్టారు. ఇథియోపియాలో, టాంజానియాలో దాన్ని వాడి చూశారు. అతనికి నల్గొండ అంటే ఒక బకెట్టు, ఒక పొడి పొట్లం. మా ఊరి పేరు చెప్పుకోవడానికే వెనకాడేదాన్ని నేను. ఆ పేరు ఇంకో ఖండంలో పల్లెల్లో వాళ్ళు నీళ్ళు తాగే ముందు అనుకునే మాట అని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ సెమిస్టర్ పేపర్ మేమిద్దరం కలిసి రాశాం.

ఒక హెచ్చరిక. చదివినదాన్ని మన మాటల్లో తిరగరాసినా సరే, ఎక్కడి నుంచి తీసుకున్నామో చెప్పాలి. నా మొదటి పేపర్ ఈ కారణానికే వెనక్కి వచ్చింది. మన దగ్గర గైడు చూసి రాసిన అలవాటు నాది. వెళ్ళే ముందే నేర్చుకుని వెళ్ళండి.

ఒంటరిగా అనిపించదా?

అనిపిస్తుంది. నవంబర్ చివర, సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడే రోజుల్లో బాగా అనిపిస్తుంది. క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటారు, నేను నాలుగుసార్లు వెళ్ళాను. వెళ్ళడంలో తప్పేమీ లేదు. ఇంటికి రోజూ వీడియో కాల్ చేయడం తగ్గించాక నాకు మేలైంది. ఫోన్ పెట్టేశాక గది ఇంకా ఖాళీగా కనిపించేది.

మంచి రోజులూ ఉంటాయి. బతుకమ్మ నాటికి అక్కడ రోడ్ల పక్కన గోల్డెన్‌రాడ్ అనే పసుపు పువ్వు విరగబూసి ఉంటుంది. దూరం నుంచి అచ్చం తంగేడే. గునుగు దొరకలేదు. బంతిపూలు దుకాణంలో కొన్నాం. స్టీలు పళ్ళెం లేక పిజ్జా ట్రేలో పేర్చాం. మొదటి రెండు వరుసలు కూలిపోయాయి, కాడలు సమానంగా కోయలేదు. వరసకు వరసకు మధ్య ఆకులు నింపాలని వీడియో కాల్లో అమ్మ చెప్తే నిలబడింది. "దీని పేరులో బతుకు ఎందుకుంది?" అని పిల్లలు అడిగారు. ఆ ప్రశ్నను అమ్మకే వదిలేశాను. అమ్మ చెప్పింది, నేను ఇంగ్లిష్‌లోకి మార్చాను.

తిండి, చలి?

మైనస్ ఇరవై దాకా చూశాను. బూట్లు అక్కడే కొనుక్కోండి, ఇక్కడివి ఆగవు. అన్నం, పప్పు, ఆలుగడ్డ అన్నీ దొరుకుతాయి. చింతపండు ఉంటే పచ్చిపులుసుకు ఐదు నిమిషాలు చాలు.

ఆడపిల్లను ఒక్కదాన్ని పంపడమంటే భయంగా ఉంది మేడం.

అమ్మలకు, నాయినలకు ఒకటే మాట. మా నాయిన కూడా మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున చాయ్ తాగుతూ, "నువ్వు పోతే ఆడ నీకు ఎవరు చెప్తరు, ఏం చెప్తరు, అంతా రాసియ్యి" అన్నాడు. యూనివర్సిటీ పేరు, నన్ను చూసుకునే ప్రొఫెసర్ ఫోన్ నంబర్, ఇల్లు ఎక్కడ, బీమా కాగితం, అన్నీ తెలుగులో ఒక నోట్‌బుక్కులో రాసిచ్చాను. ఆయన దాన్ని దిండు కింద పెట్టుకున్నాడు. మీ అమ్మాయిని కూడా అలా రాసివ్వమనండి. అలా రాసివ్వలేకపోతే తనకే ఇంకా పూర్తిగా తెలియనట్టు లెక్క.

ఇది ఒక్కరే వెళ్ళే ప్రోగ్రాం. భర్తను, పిల్లలను వెంట తీసుకుని వెళ్ళొచ్చు అనే ఆలోచనతో అప్లై చేయొద్దు.

అక్కడే ఉండిపోవచ్చా?

లేదు. ఇది జే-1 వీసా. తొమ్మిది నెలలు అయ్యాక తిరిగి రావాలి, రెండేళ్ళు మన దేశంలో ఉండాలన్న నిబంధన కూడా ఉంటుంది. అమెరికాలో స్థిరపడటం మీ లక్ష్యమైతే వేరే దారి చూసుకోండి. ఈ సీటును తిరిగొచ్చి పిల్లలకు చెప్పాలనుకునేవాళ్ళకు వదిలేయండి. ఇది కాస్త కఠినంగా చెప్తున్నాను, తెలిసే చెప్తున్నాను.

డిగ్రీ రాదు కదా. జీతం పెరిగిందా?

డిగ్రీ రాదు. జీతం పెరగలేదు. తిరిగొచ్చిన మొదటి రెండు నెలలు కష్టంగా గడిచాయి. "అక్కడ ఇలా చేస్తారు" అని ఒకటికి రెండుసార్లు అనేసరికి స్టాఫ్ రూంలో మాటలు ఆగిపోయేవి. తప్పు నాదే. చెప్పడం మానేసి నా క్లాసులో చేయడం మొదలుపెట్టాను. ప్రశ్న వేశాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటాను. మొదటి వారం ఆ మూడు సెకన్లు పిల్లలకూ టెన్షనే, నాకూ టెన్షనే. మూడో వారంలో చండూరు నుంచి వచ్చే అమ్మాయి, రెండేళ్ళలో నేను గొంతు వినని పిల్ల, లేచి నిలబడి జవాబు చెప్పింది. సగం తెలుగు, సగం ఇంగ్లిష్. నేను ఆపలేదు.

వేరే దారులున్నాయా?

ఉన్నాయి. యూరప్‌కు ఎరాస్మస్ కార్యక్రమాలు, జర్మనీకి డీఏఏడీ స్కాలర్‌షిప్‌లు చూడండి. విదేశాల్లో పూర్తి డిగ్రీ చేయాలనుకునే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు మన రాష్ట్రంలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది, రూ. 20 లక్షల వరకు ఇస్తారు. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఉంది, మైనారిటీలకు వేరే పథకం ఉంది. ఆదాయ పరిమితి, సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోవాలి. మీసేవలో చివరి వారం పరుగులు పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను.

మా అమ్మాయి ఇంకా డిగ్రీ ఫస్టియర్. ఇప్పుడే ఏం చేయాలి?

పాస్‌పోర్టు తీయించండి. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో, ఆధార్‌లో ఒకేలా ఉన్నాయో లేదో చూడండి, తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.

ఇంకోటి. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, వాళ్ళు మాట్లాడే మాటల్లో పుస్తకంలో లేనివి రోజుకు ఒకటి నోట్‌బుక్కులో రాసుకోమనండి. అర్థం రాయాలి, ఎప్పుడు వాడతారో రాయాలి. నా క్లాసు పిల్లలు పోయిన జూన్‌లో మొదలుపెట్టారు. చౌటుప్పల్, నాంపల్లి, కొండమల్లేపల్లి నుంచి మాటలు వస్తున్నాయి. మూడు నోట్‌బుక్కులు నిండాయి, నాలుగోది నా బల్ల మీద ఉంది. మీ అమ్మాయి రాసింది కూడా పంపిస్తే అందులో కలుపుతాం.